కత్తి పడని పుస్తకాలు

మా ముందు గదిలో ఒక అద్దాల బీరువా ఉంది. అందులో నలభై ఒక్క పుస్తకాలున్నాయి. అన్నీ సీసపు అక్షరాలు చేత్తో పేర్చి, చేత్తో చేసిన కాగితం మీద, యాభై అరవై ప్రతులకు మించకుండా అచ్చు వేసినవి. ఏ దుకాణంలోనూ దొరకవు. ఇంటికి ఎవరొచ్చినా కూర్చోండి అనకముందే వాళ్ళను ఆ బీరువా దగ్గరికి లాక్కుపోయేవాణ్ణి. చేతులు కడుక్కు రమ్మనేవాణ్ణి. కాగితం వెలుగుకు పెట్టి చూపించేవాణ్ణి. ఆ నలభై ఒక్కటిలో ముప్పై ఎనిమిది నేను చదవలేదు. రాయడానికే సిగ్గుగా ఉంది, అయినా తర్వాత చెప్పబోయేదాని ముందు ఈ సిగ్గు ఏ మూలకూ రాదు.

ఎందుకు చదవలేదంటే, ఆ పుస్తకాల తీరు అది. పెద్ద కాగితానికి రెండు వైపులా నాలుగేసి పేజీలు అచ్చు వేసి, రెండు మడతలు పెట్టి కుడతారు. ఆ ఎనిమిది పేజీల మడతను ఫారం అంటారు. పై అంచు మడతలు కోయకుండా వదిలేస్తారు. పుస్తకం అందుకున్నవాడు కత్తి పెట్టి ఒక్కో మడతా కోసుకుంటూ చదువుకోవాలి. కోయకపోతే ఎనిమిదింట్లో నాలుగు పేజీలే పైకి కనపడతాయి, మిగతా నాలుగూ సంచిలో వేసినట్టు లోపల ఉండిపోతాయి. మాలాంటి పోగుచేసే పిచ్చివాళ్ళలో, కోయని ప్రతికి ఉన్న మర్యాద కోసినదానికి లేదు. కత్తి పడిందా, పుస్తకం పరువు పోయినట్టే.

"బడిపిల్లలే నయం, కనీసం పరీక్షల ముందైనా పుస్తకం తెరుస్తారు" అనేది మా ఆవిడ, బీరువా దుమ్ము దులుపుతూ. నాకు ఒళ్ళు మండేది. నీకేం తెలుసు అనేవాణ్ణి.

ఆ నలభై ఒక్కటిలో పదహారు ఒక్క మనిషి చేతిలోంచి వచ్చినవే. వీధిలో అందరూ ఆయన్ని నిదానం అనేవాళ్ళు. ఆ పేరు పత్రికాఫీసులో పడింది. ముప్పై ఏళ్ళు అక్కడ కంపోజిటరుగా పనిచేశాడు. వార్త వెళ్ళే వేళ దాటిపోతోందని పైవాళ్ళు గగ్గోలు పెడుతుంటే, ఈయన చేతిలో అక్షరాలు పేరుస్తూ తల ఎత్తకుండా "నిదానం సార్, నిదానం" అనేవాడట. చివరికి పోస్టుమాన్ కూడా "నిదానంగారి ఇల్లు ఏది?" అని అడిగేంతవరకూ వచ్చింది. కంప్యూటర్లు వచ్చి ఆఫీసులో అక్షరాలన్నీ తుక్కు కింద తోసేస్తుంటే, ఆయన పాత తొక్కుడు ప్రెస్సొకటి, అక్షరాల అరలు పద్నాలుగు ఇంటికి తెచ్చుకుని వెనక గదిలో పెట్టుకున్నాడు. ఆ గదిలో ఒక కిటికీ, ఒక బల్ల, తడి కాగితాలు ఆరేసుకునే నాలుగు తీగలు. కూర్చోడానికి ఒకటే స్టూలు. నేను వెళ్తే ఆయన లేచి నిలబడి పని చేసుకునేవాడు, ఆ స్టూలు నాకిచ్చి.

నేను కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తాను. ఆయన పరిచయమైంది అక్కడే. చూపు పరీక్షించడానికి గోడ మీది అట్ట చదవమన్నాను. అన్నిటికన్నా కింద, చీమ తలకాయంత అక్షరాల వరస కూడా గడగడా చదివేసి, "ఆ నాలుగో అక్షరం పక్కన సందు ఎక్కువైంది, అబ్బాయ్. ఎవరు పేర్చారో గానీ చెయ్యి తిరిగినవాడు కాదు" అన్నాడు. పదేళ్ళుగా ఆ అట్ట చూస్తున్నాను, నాకెప్పుడూ కనపడలేదు. ఆ సాయంత్రమే ఆయన వెంట ఇంటికి వెళ్ళాను. అప్పట్నుంచీ ఆయన నాకు బాబాయ్, ఆయన భార్య పిన్ని.

బాబాయ్ ఏడాదికి ఒకే పుస్తకం వేసేవాడు. పేరున్న రచయితల జోలికి పోయేవాడు కాదు. చెట్లకు కొమ్మలు కత్తిరించే ఒక తోటమాలి రాసుకున్న నోట్సు, పడవ నడిపేవాడి డైరీ, కుట్టుమిషను బాగుచేసే ఒకామె తన చెల్లెలికి రాసిన ఉత్తరాలు, ఇలాంటివి. "వీళ్ళకి ఒక్క మంచి పుస్తకం ఉండాలి కదా" అనేవాడు. దానికి పాతబట్టల గుజ్జుతో కాగితం చేసే ఒకాయన దగ్గర కాగితం తెచ్చేవాడు. ప్రతి పుస్తకంలో ఒకటో నంబరు ప్రతి నాది. తోటమాలి పుస్తకం అంచుల గురించి, పడవవాడి పుస్తకం సిరా నలుపు గురించి నేను గంటసేపు మాట్లాడగలను. తోటమాలి ఏం రాశాడని అడిగితే మాత్రం గుటకలు మింగాలి.

మొదటి రోజుల్లోనే ఆయన నాకు మడత కోయడం నేర్పాడు. మొద్దు కత్తి పెట్టి, తనవైపు లాక్కుంటూ, తొందరపడకుండా. కోశాక అంచు మీద తెల్లటి నూగు రేగింది. దాన్ని బొటనవేలితో తుడిచి నాకు చూపించి, "ఇవాళ్టి కోత అనడానికి ఇదే గుర్తు. నాలుగు రోజులు చేతులు మారితే ఈ నూగు ఉండదు, అంచు మెత్తబడుతుంది" అన్నాడు. నేను తల ఊపి, ఇంటికి వచ్చి, నా ప్రతి కోయకుండా బీరువాలో పెట్టి తాళం వేశాను.

రెండేళ్ళ కిందట ఆయన చూపు తగ్గడం మొదలైంది. ముందు కనిపెట్టింది నేనే. కంటి మధ్యలో మసక, పక్కలు మాత్రం బాగానే ఉంటాయి. తలుపు తగలకుండా నడుస్తాడు, చేతిలోని అక్షరం కనపడదు. డాక్టరు దగ్గరికి పంపాను. అద్దాలతో బాగయ్యేది కాదన్నారు. ఆ మాట ఆయనకు చెప్పింది కూడా నేనే. "సరేలే. వేళ్ళకు తెలుసు ఏ అక్షరం ఏ అరలో ఉందో. చదవడానికి మాత్రం ఎవరో ఒకరు కావాలి" అన్నాడు. ఎవరో ఒకరు అన్నప్పుడు ఆయన నావైపే చూస్తున్నాడు, కొంచెం పక్కకు తిరిగి, మసక లేని వైపు నుంచి.

ఆ సంవత్సరం పుస్తకం పిన్నిది. పిన్ని ముప్పై నాలుగేళ్ళు ఆస్పత్రిలో పురుళ్ళు పోసిన నర్సు. కాన్పుల గదిలో జరిగిన సంగతులు ఒక నోటుబుక్కులో రాసుకునేది. బాబాయ్ దాన్ని అచ్చు వేయాలని పదేళ్ళుగా అడిగితే, చివరికి ఒప్పుకుంది. తొమ్మిది ఫారాలు, డెబ్బై రెండు పేజీలు. అదే తన ఆఖరి పుస్తకమని బాబాయ్ ముందే చెప్పేశాడు. పూర్తయ్యేదాకా తను మాత్రం ఒక్క పేజీ కూడా చూడనంది పిన్ని. "పుట్టేదాకా బిడ్డ మొహం చూస్తామా? అంతే ఇదీనూ" అని నవ్వింది.

పని ఇలా నడిచేది. పిన్ని పెద్ద చేతిరాతను బాబాయ్ భూతద్దం కింద ఒక్కో మాటా కూడబలుక్కుని పేర్చేవాడు, అచ్చు అక్షరాలు మాత్రం భూతద్దంలో కూడా ఆనేవి కావు. పేర్చిన ప్రతి పేజీ అక్షరాలనూ జారిపోకుండా చుట్టూ తాడుతో కట్టి బల్ల మీద పెట్టేవాడు. ఆయన దగ్గర ఎనిమిది పేజీలకు సరిపడా అక్షరాలే ఉన్నాయి. బిగించే చట్రం కూడా ఒకటే. ముందు ఒక వైపు నాలుగు పేజీలు బిగించి అన్ని కాగితాలకూ ఆ వైపు అచ్చు వేసేవాడు. తర్వాత రెండో వైపు నాలుగు పేజీలు బిగించి, ఒక్క కాగితం మీద వేసి, మడత పెట్టి శనివారం సాయంత్రం నాకిచ్చేవాడు. నేను కోసి, చదివి, సోమవారం పొద్దున దుకాణానికి వెళ్తూ మాట చెప్పాలి. నేను సరే అన్నాకే మిగతా కాగితాలకు రెండో వైపు పడేది. అదయ్యాక తాళ్ళు విప్పి, అక్షరాలను తిరిగి అరల్లో వేసి, వాటితోనే తర్వాతి ఫారం పేర్చేవాడు. అందుకే సోమవారం ఆయన అడిగేది ఒకటే మాట.

"తాడు విప్పనా, అబ్బాయ్?"

మొదటి శనివారం ఆ ఫారం ఇంటికి తెస్తూ మా పోగుచేసేవాళ్ళలో ఒకాయన్ని కలిశాను. ఆయన పళ్ళ డాక్టరు. పుస్తకాన్ని కూడా పన్ను పట్టుకున్నట్టే రెండు వేళ్ళతో పట్టుకుంటాడు. నా చేతిలోది చూసి కళ్ళు పెద్దవి చేశాడు. "మొట్టమొదటి ప్రూఫా? కోయకుండా ఉందే! తొమ్మిదీ ఇలాగే ఉంచారనుకోండి, ఇలాంటిది ఇంకెవరి దగ్గరా ఉండదు. కోయకండి, దయచేసి కోయకండి" అన్నాడు.

ఆ మాట చాలు నాకు. ఇంటికి వెళ్ళి పైకి కనపడే నాలుగు పేజీలూ చూశాను. లోపలి పేజీలను, కింద సందులోంచి వేలు పెట్టి కొంచెం ఎత్తి, గుర్రం పళ్ళు చూసినట్టు చూశాను. సిరా సమంగా పడింది. అంచులు బాగున్నాయి. సోమవారం వెళ్ళి "విప్పేయండి బాబాయ్, ఒక్క తప్పు లేదు" అన్నాను. దొంగతనం కూడా మొదటిసారే కష్టం. రెండో ఫారం నుంచి నాకు గుండె కూడా కొట్టుకోలేదు. అట్టపెట్టె ఒకటి చేయించి, అందులో మెత్తటి గుడ్డ పరిచి, ఒక్కొక్క ఫారమే పడుకోబెట్టాను.

ఏడో ఫారం ఇచ్చిన శనివారం బాబాయ్ చేయి వెంటనే వదల్లేదు. కాగితం రెండో కొస పట్టుకునే నిలబడ్డాడు. "ఇది కొంచెం చూసి చదువు, అబ్బాయ్" అన్నాడు. అలాగే బాబాయ్ అన్నాను. సోమవారం పొద్దున నేను గుమ్మంలో అడుగు పెట్టేసరికే ఎదురు చూస్తూ నిలబడి ఉన్నాడు. తాడు సంగతి అడగలేదు.

"ఆ పేజీ... ఎలా ఉంది?" అన్నాడు.

ఏ పేజీనో నాకేం తెలుసు! కానీ ఏ పేజీ అని అడిగితే చదవలేదని తెలిసిపోతుంది. నేను తడుముకోలేదు. తడుముకుని ఉన్నా కొంచెం మనిషిగా మిగిలేవాణ్ణి.

"అద్భుతం బాబాయ్. ముఖ్యంగా ఆ పేజీయే. చదువుతుంటే కళ్ళు చెమ్మగిల్లాయి."

ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి కాసేపు అలాగే ఉండిపోయింది. "నువ్వు చదివావు కదా. చాలు" అన్నాడు. తర్వాత ముక్కు చీదుకుని, తాడు విప్పడానికి లోపలికి వెళ్ళాడు. నేను దుకాణానికి వెళ్ళి, ఆ రోజంతా ఈల వేసుకుంటూ జనానికి కళ్ళజోళ్ళు బిగించాను.

పుస్తకం తయారైంది. యాభై ప్రతులూ కుట్టి, అట్టలు వేసి, వరసగా పేర్చాడు. పిన్ని మొత్తం చదివాకే మిగతా అందరికీ పంపాలని అనుకున్నాడు. పిన్ని రోజుకొక ఫారం చొప్పున, కూరగాయల కత్తితో కోసుకుంటూ చదువుతోందని విన్నాను. ఆవిడ మెచ్చుకుంటుందని, ఆ మెప్పులో నాకూ వాటా వస్తుందని ఎదురు చూశాను.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి బాబాయ్ మా ఇంటికి వచ్చాడు. పదహారేళ్ళలో ఆయన మా గుమ్మం తొక్కడం అది మూడోసారో నాలుగోసారో. చేతిలో పిన్ని ప్రతి. కూర్చోమంటే కూర్చోలేదు.

"అబ్బాయ్, ఏడో ఫారంలో అయిదో పేజీ రెండుసార్లు పడింది. పేజీ తిప్పితే ఆరో పేజీ ఉండాల్సిన చోట మళ్ళీ అయిదే ఉంది. ఆరోది పుస్తకంలోనే లేదు. మీ పిన్ని ముందు తను పేజీ తిప్పలేదేమో అనుకుందట. మళ్ళీ మళ్ళీ తిప్పి చూసుకుందట."

ఆయన పిన్ని ప్రతిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"రెండో వైపు బిగించేటప్పుడు బల్ల మీద ఆరో పేజీ బదులు, అచ్చయిపోయిన అయిదో పేజీనే మళ్ళీ తీసి పెట్టినట్టున్నాను. కానీ నువ్వు చదివావు. నువ్వు చదివినప్పుడు ఆ పేజీ ఉంది. ఉందన్నావు కూడా. అంటే నీ మాట వచ్చాకే తప్పు జరిగింది. సోమవారం చట్రం ఒకసారి చేతిలోంచి జారితే మళ్ళీ బిగించాను. అప్పుడే అయ్యుండాలి. నీ దగ్గరున్న ఫారం ఒకసారి తీసుకురా నాన్నా. అందులో ఆరో పేజీ ఉంటే, కనీసం ఆ ఒక్క కాగితమైనా మీ పిన్నికి చూపిస్తాను."

పెట్టె ఉన్న గదిలోకి వెళ్ళాను. ఏడో ఫారం తీశాను. పూర్తిగా మూసి ఉంది. అలాగే తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టి తప్పైపోయిందని కాళ్ళ మీద పడాల్సింది. నేనేం చేశానంటే, టేబులు సొరుగులోంచి బ్లేడు తీసి, ఆ మడతలు రెండూ కోశాను. అయిదో పేజీ. తిప్పాను. మళ్ళీ అయిదో పేజీ. తల ఎత్తేసరికి తలుపు దగ్గర మా ఆవిడ నిలబడి ఉంది. చేతిలో కాఫీ గ్లాసు. ఎంతసేపట్నించి చూస్తోందో.

ఫారం తెచ్చి బాబాయ్‌కి ఇచ్చి, "ఇందులో కూడా అలాగే ఉంది బాబాయ్. నేను గమనించలేదు" అన్నాను. గమనించలేదు అన్న మాట కూడా అబద్ధమే. నా నోరు అప్పటికీ అబద్ధాలే వెతుక్కుంటోంది.

ఆయన పేజీలు కళ్ళ దగ్గర పెట్టుకోలేదు. అంచు మీద బొటనవేలు జరిపాడు, ఈ కొస నుంచి ఆ కొసకు. ఆగాడు. వేలూ వేలూ రాసుకున్నాడు. తెల్లటి నూగు ఆయన వేళ్ళ మధ్య నుంచి నా ఎదురుగానే నేల మీద రాలింది. ఆయన తన వేలు చొక్కాకు తుడుచుకున్నాడు.

"సరే. అయితే తప్పు మొదట్నించీ ఉందన్నమాట. నా కళ్ళే" అన్నాడు. ఫారం నా చేతిలో పెట్టి, చెప్పులు కాలితో వెతుక్కుని, మెట్లు దిగాడు. మా ఆవిడ పట్టుకున్న కాఫీ ఆయనకు ఇవ్వనేలేదు. తన చేతిలోనే చల్లారిపోయింది.

మధ్యాహ్నం భోజనానికి కూర్చుంటే నా ముందు కంచం లేదు. ఆ అట్టపెట్టె ఉంది, దాని మీద మొద్దు కత్తి ఉంది. "ముందు అవి కానివ్వండి" అని మా ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది. అంతకు మించి ఒక్క మాట అన్లేదు. అని ఉంటే బాగుండేది, ఎదురు తిరిగేవాణ్ణి.

మిగిలిన ఎనిమిది ఫారాలూ ఆ బల్ల దగ్గరే కోశాను, చదివాను. సాయంత్రమైపోయింది. పిన్ని ఎంత బాగా రాసిందో అప్పుడు తెలిసింది నాకు. భార్యకు నొప్పులొస్తుంటే బయట తను స్పృహ తప్పి పడిపోయి, ఆమెకన్నా ముందు తనే మంచం ఎక్కిన మొగుడు. కవలల్లో రెండోవాడు వస్తున్నాడని చెబితే "వాడు ఎవరు?" అని అడిగిన నాయనమ్మ. ఒంటరిగా నవ్వుకున్నాను, నవ్వినందుకు మళ్ళీ సిగ్గుపడ్డాను. ఏడో ఫారంలో అయిదో పేజీ చివర ఇలా ఉంది: "ఇంతమంది పిల్లల సంగతి రాశాను. ఇప్పుడు నా పిల్ల సంగతి రాయాలి." అక్కడితో పేజీ అయిపోయింది. తిప్పితే, మళ్ళీ అదే పేజీ.

వాళ్ళకు పిల్లలున్నారని నాకు తెలియదు. పదహారేళ్ళు ఆ ఇంట్లో స్టూలు మీద కూర్చున్నాను, ఎప్పుడూ అడగలేదు. కాగితం గురించి అడిగాను.

మూడు రోజులు మొహం చెల్లక ఆ వీధి వైపే పోలేదు. దుకాణానికి చుట్టు తిరిగి వెళ్ళాను. నాలుగో రోజు, గురువారం సాయంత్రం, వెళ్ళాను. వెనక గది తలుపు మూసి ఉంది. ప్రెస్సు మీద దుప్పటి కప్పి ఉంది. పిన్ని ముందు గదిలోనే ఉంది, గొంతు వీధిలోకి వినపడుతోంది.

"ఎన్నిసార్లు చెప్పాను, ఆ పేజీ ఒక్కటి ఎవరిచేతైనా పేర్పించమని! అన్నిట్లో జరగని తప్పు దాంట్లోనే జరగాలా? కళ్ళు లేనివాడివి లేనట్టు ఉండక..."

బాబాయ్ గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. వేళ్ళు తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి. ఆయన వేళ్ళ గోళ్ళలో సిరా లేకుండా నేనెప్పుడూ చూడలేదు. నన్ను చూసి, అంటే నా అడుగులు విని, "రా అబ్బాయ్. అరలన్నీ తీసుకుపోయేవాళ్ళెవరైనా ఉంటే చూడు. ఇంక అక్షరం ముట్టుకోను" అన్నాడు.

"పిన్నీ, ఆ తప్పు బాబాయ్‌ది కాదు" అన్నాను.

"అబ్బాయ్, వదిలేయ్" అన్నాడాయన.

"ప్రూఫు ఉన్నదే తప్పులు పట్టుకోడానికి. నాకిచ్చింది చదవమని. నేను చదవలేదు. కోయను కూడా లేదు. తొమ్మిదీ కోయలేదు. చదివానని చెప్పాను. మొన్న బాబాయ్ వచ్చినప్పుడు లోపలికి వెళ్ళి అప్పటికప్పుడు కోసి తెచ్చాను."

పిన్ని నన్ను చూడలేదు. ఆయన వైపు తిరిగింది. "నీకు తెలుసా ఇది?"

"తెలుసు."

"ఎప్పట్నించి?"

"ఆదివారం నుంచి."

"మరి నాలుగు రోజులుగా నేను నోటికొచ్చినట్టు తిడుతుంటే, నోట్లో నీళ్ళు పోసుకుని కూర్చున్నావా?"

"నీ తిట్లు నాకు అలవాటే కదా. ఈ అబ్బాయికి అలవాటు లేదు."

ఆవిడ మొహం చేతుల్లో దాచుకుంది. అప్పుడు నాకనిపించింది, నేను పోగొట్టింది పేజీ ఒక్కటే కాదని. ఆవిడ నాలుగు రోజులు ఆయన్ని అన్న మాటలు కూడా నావల్లే వచ్చాయి, అవి వెనక్కి తీసుకోవడం ఎవరి తరమూ కాదు. కాసేపటికి కళ్ళు తుడుచుకుని నావైపు చూసింది.

"ఎందుకు కోయలేదు?"

"కోయకపోతే... బీరువాలో బాగుంటుందని."

"బీరువాలో" అంది పిన్ని. అంతే అంది. నన్ను కొట్టినా అంత తగిలేది కాదు.

తర్వాత తనే చెప్పింది, ఎవరి సంగతో చెబుతున్నట్టు. పాప పదకొండు రోజులు బతికింది. ఆస్పత్రి రిజిస్టరులో "ఆడ శిశువు" అని రాశారు, పుట్టిన చోటా, పోయిన చోటా. ఇంట్లో ఇద్దరూ కలిసి పెట్టుకున్న పేరు ఏ కాగితం మీదా లేదు. "వేలమంది పిల్లల్ని ఈ చేతుల్తో పట్టాను. అందరికీ ఎక్కడో ఒకచోట పేరుంది. దానికి ఒక్కచోటైనా ఉండాలని, అందుకే ఒప్పుకున్నాను ఈ పుస్తకానికి. లేకపోతే నా రాతలు ఎవరిక్కావాలి?"

ఆవిడ లేచి వెళ్ళి నోటుబుక్కు తెచ్చింది. నా ఒళ్ళో పెట్టింది. "ఆయనకు ఇప్పుడు భూతద్దంతో కూడా కనపడదు. నేను చదవలేను. నువ్వు చదువు. పైకి, వినపడేలా చదువు" అంది. తర్వాత ఆయనతో, "లే. దుప్పటి తియ్యి" అంది. ఆవిడ చెయ్యి ఇస్తే పట్టుకుని లేచాడు.

ఆ స్టూలు మీద నేను కూర్చున్నాను. ఎప్పట్లాగే ఆయన నిలబడ్డాడు. ఒక్కో వాక్యమూ చదివాను. ఆయన వేళ్ళు అరల మీద తిరుగుతూ, కళ్ళు కిటికీ వైపు పెట్టి, అక్షరాలు ఏరుకున్నాయి. సీసం సీసానికి తగిలే చప్పుడు తప్ప గదిలో ఏమీ లేదు. ఆరో వాక్యంలో పేరు వచ్చింది. దాని కింద వేలు పెట్టి ఆగాను. "ఊఁ, చదువు" అంది తలుపు దగ్గర్నుంచి పిన్ని. చదివాను. ఆ పేరు ఇక్కడ రాయను. రాసే హక్కు నాకు లేదు.

పేజీ కట్టి, ఒక కాగితం మీద అచ్చు తీసి ఇచ్చాడు. పైకి చదివాను, అక్షరం అక్షరం నోటుబుక్కుతో సరిచూస్తూ.

"తాడు విప్పనా, అబ్బాయ్?"

"ఉండండి బాబాయ్. ఇంకోసారి చదువుతాను."

మూడుసార్లు చదివాను. మూడుసార్లూ పిన్ని విన్నది. మూడోసారి ఆ పేరు దగ్గర ఆవిడ కూడా నాతోపాటే అంది.

పాడైతే వాడుకోవాలని ఆయన పక్కన పెట్టిన కాగితాలు యాభై ఒంటి పేజీలకు సరిపోయాయి. పక్క సందులోంచి చెయ్యి పెట్టి, మడత కోయకుండానే, రెండోసారి పడిన అయిదో పేజీ మీద ఒక్కొక్కటీ అంటించాం. జిగురు రాసింది నేనే. ఆయన ఆఖరిసారి ప్రెస్సు తుడిచి దుప్పటి కప్పింది ఆ వారమే.

పుస్తకాలు అందరికీ వెళ్ళాయి. నా ప్రతి పోస్టులో వచ్చింది, ఎదురుగా ఇచ్చే మనిషి పోస్టులో ఎందుకు పంపాడా అనుకున్నాను. విప్పి చూశాను. ఒకటో నంబరే. లోపల చీటీ లేదు, మాట లేదు. పేజీలు తిప్పితే తిరిగిపోతున్నాయి. మొదటి ఫారం నుంచి చివరి ఫారం దాకా అన్ని మడతలూ కోసి ఉన్నాయి. కనపడక కోసిన కోతలు, ఒకటి పైకి పోయి, ఒకటి కిందికి వంగి, ఎక్కడికక్కడ వంకరగా ఉన్నాయి. నా ఒళ్ళో తెల్లటి నూగు రాలింది. పిన్ని ప్రతి కాక, మిగతా నలభై ఎనిమిది మందికీ కోయని ప్రతులే వెళ్ళాయని తర్వాత తెలిసింది.

దాన్ని బీరువాలో పెట్టలేదు. బల్ల మీదే ఉంటుంది. మొన్న పళ్ళ డాక్టరు వచ్చి, రెండు వేళ్ళతో తీసి చూసి, పన్ను పీకించుకున్నవాడిలా మొహం పెట్టాడు.

"అయ్యయ్యో, ఒకటో నంబరండీ ఇది! ఎవరండీ దీన్ని ఇలా పాడుచేసింది?"

"నేనే" అన్నాను.